పేజీకి తాళం వేసేదెవరు?

చదువు మీద హక్కు – 14వ భాగం



పోయిన భాగంలో స్కాలర్‌షిప్పుల గురించి మాట్లాడుకున్నాం. ఈసారి రాస్తున్నది చదివి "ఇది కూడా ఉద్యమం మాట్లాడాల్సిన విషయమేనా అన్నా?" అని కొందరు అడగొచ్చు. ఆన్‌లైన్ కోర్సులో ఒక పేజీ ఎవరికి కనపడాలి, ఎప్పుడు కనపడాలి, దాన్ని మార్చే హక్కు ఎవరికుండాలి అనే సెట్టింగుల గురించి రాస్తున్నా. ఆ సెట్టింగులను ఇప్పుడు మనిషి ఒక్కొక్కటిగా మార్చడం లేదు. ఒక చిన్న ప్రోగ్రామ్ వందలు, వేలు ఒకేసారి మారుస్తుంది. ఇది కంప్యూటర్ సైన్స్ పిల్లల గొడవ అనుకుని దాటిపోకండి. బీఏ చదివేవాళ్లు, బీఈడీ చదివేవాళ్లు, మండల కేంద్రాల్లో కూర్చొని గ్రూప్స్‌కు ప్రిపేర్ అయ్యేవాళ్లు, అందరూ చదవాల్సింది.

బ్లాక్‌బోర్డు మీద సారు రాసింది చివరి బెంచీ పిల్లకు కూడా కనపడేది. ఆ పిల్లను గది బయట కూర్చోబెడితే అది అందరి కళ్ల ముందే జరిగేది. అన్యాయానికి సాక్షులుండేవాళ్లు. ఆన్‌లైన్ పేజీ అట్లా కాదు. నా పక్కన కూర్చున్నవాడికి కనపడే పాఠం నాకు కనపడకపోవచ్చు. అది నాకు కనపడటం లేదన్న సంగతి నాకే తెలియకపోవచ్చు. లేని తలుపును ఎవరూ తట్టరు కదా. మనం అర్థం చేసుకోవాల్సిన మొదటి ముచ్చట ఇదే.

ముందు ఈ వస్తువు ఏందో చూద్దాం.

కాన్వాస్ అనే కోర్సు ప్లాట్‌ఫాం ఉంది. అమెరికా యూనివర్సిటీల్లో బాగా వాడతారు. ఎమ్మెస్‌కు పోయిన మన పిల్లలు చాలామందికి తెలుసు. దాంట్లో పాఠం రాసిన ప్రతి పేజీకి కొన్ని సెట్టింగులుంటాయి. పేజీ పబ్లిష్ అయిందా లేదా? ఏ తేదీన, ఏ గంటకు తెరుచుకోవాలి? దాన్ని టీచరు ఒక్కరే మార్చాలా, విద్యార్థులు కూడా మార్చొచ్చా? కోర్సు తెరవగానే మొదట కనపడే పేజీ ఏది? పేజీ మారితే విద్యార్థులకు కబురు పోవాలా, వద్దా?

మన దగ్గర కాలేజీల్లో కనపడేది మూడుల్. ఆస్ట్రేలియాలో మార్టిన్ డూగియామస్ అనే ఆయన తయారుచేసి 2002లో విడుదల చేసిండు. ఉచితంగా దొరుకుతుంది, దాని కోడ్ ఎవరైనా చూడొచ్చు. దాంట్లో ఇంకా లోతైన సెట్టింగులున్నాయి. ఒక పేజీని తేదీని బట్టి ఆపొచ్చు. ముందు పాఠం పూర్తిచేసినవాళ్లకే తెరవొచ్చు. ఫలానా మార్కులు వచ్చినవాళ్లకే, ఫలానా గ్రూపువాళ్లకే చూపొచ్చు. విద్యార్థి ప్రొఫైల్‌లో ఉన్న ఏదైనా ఒక వివరాన్ని బట్టి కూడా ఆపొచ్చు. ఆపినప్పుడు ఇంకో చిన్న సెట్టింగు ఉంటుంది, కన్ను బొమ్మ. ఆ కన్ను తెరిచి ఉంటే విద్యార్థికి పాఠం పేరు మసకగా కనపడి, ఎందుకు ఆపారో కారణం కింద వస్తుంది. కన్ను మూసి ఉంటే ఏమీ రాదు. అసలు అక్కడ పాఠం ఉన్నట్టే తెలియదు.

ఆ కన్ను బొమ్మను గుర్తుపెట్టుకోండి. మళ్లీ దాని దగ్గరికి వస్తా.

ఇక ఆటోమేటిక్ పనిముట్లు. ఏపీఐ అంటే ప్రోగ్రామ్‌లు లోపలికి పోయే తలుపు. టోకెన్ అంటే ఆ తలుపు తాళంచెవి. చెవి ఉన్న ప్రోగ్రామ్ పోయి "ఈ కోర్సులో ఉన్న పేజీల జాబితా ఇయ్యి" అంటుంది. జాబితా వస్తుంది. ఒక్కో పేజీకి "పబ్లిష్ చెయ్యి" అనో "మూసెయ్యి" అనో చెప్పుకుంటూ పోతుంది. ఇరవై ముప్పై లైన్ల పైథాన్ కోడ్ చాలు. మనిషి రెండు రోజులు మౌసు నొక్కుతూ చేసే పని రెండు నిమిషాల్లో అయిపోతుంది.

నేను దీనికి వ్యతిరేకిని కాను. ఎందుకో చెప్తా. ఈ మౌసు నొక్కే పని ఎవరు చేస్తున్నారో చూడండి. రెగ్యులర్ ప్రొఫెసర్ చేయడు. గెస్టు లెక్చరర్ చేస్తడు, కాంట్రాక్టు లెక్చరర్ చేస్తది, పీహెచ్‌డీ స్కాలర్‌తో చేయిస్తరు. వాళ్లల్లో మనవాళ్లే ఎక్కువ. గంటకింత అని జీతం తీసుకునే మనిషి రాత్రి పన్నెండు దాకా కూర్చొని ఆరు సెక్షన్లలో అవే 60 పేజీలకు అవే తేదీలు మార్చాలంటే అది వెట్టి. ఆ వెట్టిని యంత్రం తీసేస్తానంటే వద్దనడానికి నేనెవర్ని? పనిముట్టు శత్రువు కాదు. పనిముట్టు ఎవరి చేతిలో ఉంది, తప్పు జరిగితే ఎవరు జవాబు చెప్పాలి అన్నదే మన ప్రశ్న.

తప్పులు ఎట్లా జరుగుతాయో మూడు రకాలు చెప్తా.

మొదటిది, గడియారం తప్పు. కాన్వాస్ లాంటి ప్లాట్‌ఫాంలలో ఏపీఐ అడుగున లెక్కపెట్టే సమయం అంతర్జాతీయ ప్రామాణిక సమయం. మన గడియారం దానికన్నా 5 గంటల 30 నిమిషాలు ముందుంటుంది. పొద్దున 9కి పేజీ తెరవాలని ప్రోగ్రామ్‌లో రాసినాయన ఆ తేడా సరిచేయకపోతే పేజీ మనకు మధ్యాహ్నం 2:30కి తెరుచుకుంటుంది. ఇంట్లో వైఫై ఉన్న పిల్లకు ఇది కొన్ని గంటల ఆలస్యం. పొద్దున కాలేజీ ల్యాబ్‌లో గంటసేపు నెట్ దొరికించుకొని, మధ్యాహ్నం బస్సెక్కి రఘునాథపల్లి దిగి, అక్కడినుంచి ఊరికి ఆటో పట్టుకునే పిల్లకు ఇది ఒక రోజు. మర్నాడు టెస్టుంటే ఆ పాఠం మొత్తం పోయినట్టే. తప్పు అందరికీ ఒకటే, దెబ్బ మాత్రం అందరికీ ఒకటి కాదు.

రెండోది, సగం పని తప్పు. కాన్వాస్‌ను పేజీల జాబితా అడిగితే మామూలుగా ఒకసారికి 10 మాత్రమే ఇస్తుంది. మిగతావి కావాలంటే తర్వాతి భాగం అడగాలి. ఈ సంగతి తెలియకుండా రాసిన ప్రోగ్రామ్ మొదటి 10 పేజీలు తెరిచి "పని అయిపోయింది" అంటుంది. 11వ పాఠం నుంచి మూసే ఉంటాయి. రాసినాయనకు పచ్చగా టిక్కు కనపడుతుంది. సారు వాళ్ల అకౌంట్లో చూస్తే అన్ని పేజీలూ ఉంటాయి, ఎందుకంటే టీచరుకు మూసిన పేజీ కూడా కనపడుతుంది. "నాకు కనపడుతుంది కదా, నీకెందుకు కనపడదు? సరిగ్గా చూడు" అంటడు. ఆ మాట ఎంతమంది విని నోరు మూసుకొని ఉంటారో మీకు తెలుసు. మొదటి తరం చదువుకునే పిల్ల తప్పు తనదే అనుకుంటది. "నాకే కంప్యూటర్ రాదేమో" అనుకుంటది.

మూడోది తప్పు కూడా కాదు, తెలిసి చేసేది. జాబితా తాళం. పెద్ద సంస్థల్లో విద్యార్థుల పేర్లు ప్లాట్‌ఫాంలోకి చేత్తో ఎక్కించరు. ఆఫీసు రికార్డు నుంచి ఒక ఫైలు రోజూ దానంతట అది వచ్చి పడుతుంది. ప్రతి పేరు పక్కన ఒక మాట ఉంటుంది, యాక్టివ్ అనో ఇనాక్టివ్ అనో. ఇనాక్టివ్ అని పడితే పిల్లవాడి పేరు రికార్డులో ఉంటుంది, కోర్సు మాత్రం తెరుచుకోదు.

మా మండలం నుంచి పోయి ఒక ప్రైవేటు కాలేజీలో చదువుకుంటున్న తమ్ముడు ఒకరోజు ఫోన్ చేసిండు. "అన్నా, అందరికి నాలుగో యూనిట్ కనవడ్తున్నదట. నాకైతే కోర్సే లేదు" అన్నడు. ఆఫీసుకు పోయి అడగమన్నా. ఫీజు బకాయి ఉందన్నరట. ఆ బకాయి వానిది కాదు, సర్కారు కాలేజీకి ఇయ్యాల్సిన రీయింబర్స్‌మెంట్. బకాయిల జాబితాను ఎవరో కోర్సు ప్లాట్‌ఫాంకు కలిపిన్రు. ఎవరు కలిపిన్రంటే ఒక్క మనిషి పేరు చెప్పలేదు. "మేమేం చేయలే, సిస్టమే చేసింది" అన్నరు. అట్ల మూతపడ్డ పిల్లలంతా ఒక్కటై ప్రిన్సిపల్ గది ముందు నిలబడితే ఆ సాయంత్రమే తెరుచుకుంది. అంటే మూసింది మనిషే, తెరిచింది మనిషే. మధ్యల సిస్టమ్ అనే పేరు అడ్డం పెట్టుకున్నరు.

"సిస్టమే చేసింది" అనే మాట తెలంగాణకు కొత్తది కాదు. రేషన్ కార్డుల కథ యాదికి తెచ్చుకోండి. 2014 నుంచి 2019 మధ్య మన రాష్ట్రంలో 18 లక్షలకు పైగా రేషన్ కార్డులు రద్దయినయ్. ఇంటికి నోటీసు రాలేదు. రకరకాల ప్రభుత్వ రికార్డులను జతచేసి "వీళ్లు అర్హులు కారు" అని తేల్చడానికి సమగ్ర వేదిక అనే కంప్యూటర్ వ్యవస్థను వాడిన్రు. పేరు కలిసిన పాపానికి కారు లేని ఇంటికి కారు అంటగట్టిన ఉదంతాలు పత్రికల్లో వచ్చినయ్. రేషన్ షాపుకు పోయి వేలిముద్ర వేసినప్పుడు గానీ కార్డు లేదన్న సంగతి జనానికి తెలియలేదు. హైదరాబాద్ సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ కోర్టుకెక్కిండు. 2022లో సుప్రీంకోర్టు ఇంటింటికీ పోయి మళ్లీ పరిశీలించమని చెప్పింది. ఆ పరిశీలనలో వేల కుటుంబాలు అర్హులేనని తేలింది. ఆ ఇండ్లల్లో అన్నాళ్లు తినకుండా పోయిన బియ్యం ఎవరు తిరిగిస్తరు?

కార్డు రద్దుకూ పేజీ మూతకూ పోలిక ఏందంటరా? పద్ధతి ఒకటే. రికార్డుల జాబితా ఒకచోట తయారవుతుంది. యంత్రం ఇంకోచోట తలుపు మూస్తుంది. నోటీసు ఉండదు, కారణం చెప్పరు, అప్పీలు ఎవరికి చేసుకోవాలో తెలియదు. నష్టపోయినవాడే తిరిగి రుజువులు పట్టుకొని ఆఫీసుల చుట్టూ తిరగాలి. ఇంగ్లండ్‌లో 2020లో కరోనా వల్ల పరీక్షలు జరగకపోతే ఏ లెవెల్ గ్రేడ్లు ఒక లెక్కల సూత్రంతో ఇచ్చిన్రు. టీచర్లు ఇచ్చిన అంచనాల్లో దాదాపు 40 శాతం కిందికి పోయినయ్. పిల్లలు రోడ్డెక్కితే కొద్దిరోజుల్లోనే ఆగస్టు 17న సర్కారు వెనక్కి తీసుకున్నది. అక్కడ తప్పు ఎందుకు తొందరగా బయటపడ్డది? అందరికీ ఒకేరోజు ఫలితం కళ్లకు కనపడ్డది కాబట్టి. మూసిన పేజీ అట్లా కనపడదు. అందుకే దాన్ని ఎక్కువ అనుమానించాలి.

"సాఫ్ట్‌వేర్‌కు కులం తెలుసా?" అని మేధావులు అడుగుతరు. తెలియదు. ఫీజు రాయితీ కేటగిరీ తెలుసు. హాస్టలా, డేస్కాలరా తెలుసు. ఎంట్రన్స్ ర్యాంకు తెలుసు. ర్యాంకు అడిగితే కులం అడిగినట్టే అవుతుందని ఐఐటీ బాంబేకు కూడా అర్థమైంది. 2023 ఫిబ్రవరిలో అక్కడ ఒక దళిత విద్యార్థి ప్రాణం పోయిన తర్వాత, తోటి విద్యార్థుల ర్యాంకులు అడగొద్దని అదే ఏడాది మార్గదర్శకాలు పెట్టిన్రు. మనుషులు అడగొద్దన్న ఆ వివరమే ప్రొఫైల్‌లో ఒక గడిగా ఉంటే? ఆ గడిని బట్టి పేజీ తెరవడం, మూయడం సాంకేతికంగా సాధ్యమైతే? "బలహీన విద్యార్థుల కోసం వేరే పాఠాలు" అని మంచి మాటతోనే మొదలుపెడతరు. బ్రిడ్జి కోర్సు పేరుతో ఒక గ్రూపుకు తేలిక పేజీలు, ఇంకో గ్రూపుకు అసలు పేజీలు చూపిస్తరు. ఒకే క్లాసు, ఒకే ఫీజు, రెండు సిలబస్‌లు. మా తాతల కాలంల హోటల్ల రెండు గ్లాసులు పెట్టేవాళ్లు. కనీసం ఆ గ్లాసులు కంటికి కనపడేవి.

2020 మరిచిపోవద్దు. ఆ ఏడు సెప్టెంబర్ 1 నుంచి తెలంగాణ బడి పిల్లలకు దూరదర్శన్, టీ-శాట్ మీద పాఠాలు మొదలైనయ్. అదే కాలంలో 15 రాష్ట్రాల్లో, కేంద్రపాలిత ప్రాంతాల్లో జరిగిన స్కూల్ సర్వే 2021లో ఒక లెక్క చెప్పింది. పల్లెల్లోని దళిత, ఆదివాసీ పిల్లల్లో క్రమం తప్పకుండా ఆన్‌లైన్‌లో చదువుతున్నది 4 శాతం. అవే పల్లెల్లో మిగతా పిల్లల్లో 15 శాతం. 2020 నవంబర్‌లో ఢిల్లీ లేడీ శ్రీరామ్ కాలేజీలో చదువుతున్న షాద్‌నగర్ అమ్మాయి చనిపోయింది. లాప్‌టాప్ లేకపోవడం, స్కాలర్‌షిప్ రాకపోవడం ఆ ఇంటి బాధల్లో ఉన్నయ్. అప్పుడు మనం ఫోన్ల గురించి, నెట్ గురించి మాట్లాడినం. అది అవసరమే. ఇప్పుడు ఫోన్ వచ్చింది, నెట్ వచ్చింది. ఫోన్ చేతిలో ఉన్నా పాఠం తెరుచుకుంటుందన్న నమ్మకం లేదు. కొట్లాట ఒక మెట్టు ముందుకు జరిగింది.

మహద్ చెరువు సంగతి మనలో చాలామందికి తెలుసు. అయినా ఈ కోణంలో ఒక్కసారి చూడండి. బొంబాయి శాసనమండలి 1923లోనే ప్రభుత్వ చెరువులు, బావులు అందరికీ తెరవాలని తీర్మానం చేసింది. మహద్ మునిసిపాలిటీ తన చెరువును తెరిచినట్టు ప్రకటించింది. కాగితం మీద చెరువు తెరిచే ఉంది. నీళ్లు మాత్రం తాగనియ్యలే. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందితో నడిచిపోయి దోసిలి పట్టేదాకా ఆ తీర్మానం కాగితమే. కోర్సు అందరిదీ అని ప్రాస్పెక్టస్‌లో రాస్తరు. పేజీ దగ్గర తాళం ఉంటుంది. మనం అడగాల్సింది ప్రాస్పెక్టస్‌ను కాదు, ఆ సెట్టింగును.

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. అన్నీ తెరిచిపెడితే పరీక్ష పేపర్లు బయటపడవా, కాపీ కొట్టరా అని టీచర్లు అడుగుతరు. నిజమే. ప్రశ్నపత్రానికి తాళం ఉండాలి, పరీక్ష టైముకే తెరవాలి. ఒకరి మార్కులు ఇంకొకరికి కనపడొద్దు. వారానికో పాఠం చొప్పున తెరవడం కూడా బోధనలో భాగమే. నేనంటున్నది పాఠం గురించి. పరీక్షకు తాళం, పాఠానికి తలుపు అనే తేడా పెట్టుకోవచ్చు. ఎన్‌పీటీఈఎల్‌ను చూడండి. వీడియో పాఠాలు ఎవరైనా ఎప్పుడైనా చూడొచ్చు. సర్టిఫికెట్ పరీక్షకే రిజిస్ట్రేషన్, ఫీజు. ఆ పద్ధతిలో ఎన్ని లోపాలున్నా పాఠాన్ని మాత్రం బందీ చేయలేదు. 2021 యూజీసీ నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్‌లోని కోర్సుల్లో 40 శాతం దాకా స్వయం ద్వారా చదువుకొని క్రెడిట్లు తెచ్చుకోవచ్చు. అంటే ఆన్‌లైన్ పేజీ ఇప్పుడు అదనపు సౌకర్యం కాదు, డిగ్రీలో భాగం. డిగ్రీలో భాగమైనదాన్ని చెప్పకుండా మూస్తే అది సాంకేతిక లోపం కాదు, హక్కు తీసేసినట్టు.

కాబట్టి మన డిమాండ్లు ఇట్లా ఉండాలి.

ఒకటి. పాఠం పేజీని ఆపినప్పుడు కన్ను తెరిచే ఉండాలి. పాఠం పేరు కనపడాలి, ఎందుకు ఆపారో, ఎప్పుడు తెరుస్తారో కింద తెలుగులో కూడా ఉండాలి.

రెండు. ఫీజు బకాయికీ పాఠానికీ లంకె తెంపాలి. సర్కారు ఇయ్యాల్సిన డబ్బుకు విద్యార్థి పేజీ పూచీకత్తు కాదు.

మూడు. కులం, ఫీజు కేటగిరీ, ర్యాంకు లాంటి వివరాలు కోర్సు ప్లాట్‌ఫాంలోకి పోనే పోవద్దు. స్కాలర్‌షిప్ ఆఫీసుకు అవసరమైనవి అక్కడే ఉండాలి.

నాలుగు. వందల పేజీలను ఒకేసారి మార్చే ప్రోగ్రామ్ నడిపేముందు ఏమేం మారబోతున్నాయో జాబితా తీసి, ఒక మనిషి చదివి సంతకం పెట్టాలి. నడిపిన తర్వాత ఎవరి టోకెన్‌తో, ఏ రోజు, ఏ పేజీలు మారాయో రికార్డు దాచాలి. అప్పుడు "సిస్టమే చేసింది" అనడానికి వీలుండదు.

ఐదు. ఈ పని చేసే గెస్టు, కాంట్రాక్టు లెక్చరర్లకు ట్రైనింగు ఇయ్యాలి, ఆ గంటలకు పైసలు ఇయ్యాలి. పైన కూర్చున్నవాళ్లు తప్పును వాళ్ల నెత్తిన రుద్దొద్దు.

ఆరు. 2012 యూజీసీ సమానత్వ నిబంధనల కింద ప్రతి సంస్థలో సమాన అవకాశాల సెల్ ఉండాలి. కోర్సు సెట్టింగులను చూసే అధికారం ఆ సెల్‌కు కూడా రావాలి.

మన రాష్ట్రంలోనే దేశంలో మొదటి ఓపెన్ యూనివర్సిటీ ఉంది. 1982లో మొదలై, 1991 నుంచి బాబాసాహెబ్ పేరు మోస్తుంది. ఓపెన్ అనే మాటకు సెట్టింగులో కూడా అర్థం ఉండాలని అక్కడినుంచే అడగడం మొదలుపెడదాం.

విద్యార్థి మిత్రులకు కొన్ని పనులు చెప్తా. పేజీ కనపడకపోతే "నాకే రాదేమో" అనుకోవద్దు. పక్కవాళ్ల ఫోన్‌లో చూడండి. రెండింటినీ తేదీ, టైముతో స్క్రీన్‌షాట్ తీయండి. సారుకు మర్యాదగా చెప్పండి: "సార్, మీ అకౌంట్లో కాదు, విద్యార్థి చూపుతో ఒకసారి చూడండి." కాన్వాస్‌లో, మూడుల్‌లో అట్లా చూసే సౌకర్యం ఉంది, చాలామంది టీచర్లకు తెలియదంతే. ఒక్కరు పోతే పిచ్చి కింద కొట్టేస్తరు, పదిమంది పోండి. సర్కారు యూనివర్సిటీ అయితే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి: ఏ నిబంధన ప్రకారం పేజీలు ఆపుతున్నరు, ఆ నిబంధన ఎవరు ఆమోదించిన్రు అని.

అన్నిటికన్నా ముఖ్యం, ఈ విద్య నేర్చుకోండి. మూడుల్ కోడ్ తెరిచే ఉంది. ఒక పాత కంప్యూటర్ మీద పెట్టుకొని, ఒక ఉత్తుత్తి కోర్సు తయారుచేసి, పేజీలు మూసి తెరిచి చూడండి. చిన్న ప్రోగ్రామ్ రాసి వంద పేజీలు ఒక్కసారి మార్చండి. ఎంత తేలికో మీ చేతులకే తెలుస్తది. మన రఘునాథపల్లి మండలంలోనే ఖిలాషాపురం కోట ఉంది, సర్వాయి పాపన్నది. గౌడ బిడ్డ కోట కట్టగలడని ఆనాడు ఎవరనుకున్నరు? కోటలు వాళ్లు కడతరు, మనం బయట నిలబడతం అనే అలవాటును ఆయన మూడు వందల ఏండ్ల కిందనే తెంపిండు. ఇవాళ్టి కోట సర్వర్‌లో ఉంది. దాని తాళంచెవి టోకెన్. ఆ చెవి మన పిల్లల చేతుల్లో కూడా ఉండాలి, ఆ చెవితో ఏం చేసినా పదిమందికి జవాబు చెప్పే పద్ధతి ఉండాలి.

మీ కాలేజీలో పేజీలు ఇట్లా మూతపడితే రాయండి. పేరు బయటపెట్టను. కాలేజీలవారీగా వివరాలు పోగుచేసి యూజీసీకి, ఉన్నత విద్యామండలికి కలిసి వినతిపత్రం ఇద్దాం.

వచ్చే భాగంలో హాస్టళ్లలో వైఫై, బయోమెట్రిక్ హాజరు గురించి మాట్లాడుకుందాం.

జై భీమ్! జై సావిత్రిబాయి!